మా నవల సన్నబడిన కథ

భోపాల్‌పట్నం నుంచి వచ్చామని చెప్పగానే వరంగల్‌లో మా కొత్త క్లాసువాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "భోపాలా?" కాదన్నాం. "అయితే భూపాలపల్లా?" అదీ కాదన్నాం. "పట్నం అంటున్నారు కదా, సముద్రం ఉంటుందా?" సముద్రం లేదు. ఇంద్రావతి ఉంది. ఒడిశాలోని కలహండిలో పుట్టి, చిత్రకోట దగ్గర జలపాతమై దూకి, చివరికి ఆ ఊరికి కొంత దూరంలో భద్రకాళి అనే పల్లె దగ్గర గోదావరిలో కలుస్తుంది. భోపాల్‌పట్నం ఒకప్పుడు బస్తర్ జిల్లాలో ఉండేది. తర్వాత దంతెవాడ జిల్లాలోకి వెళ్ళింది. 2007 నుంచి బీజాపూర్ జిల్లా. మధ్యప్రదేశ్‌లో ఉన్నది కాస్తా 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోకి మారింది. బదిలీలు మనలాంటి వాళ్ళకే అనుకుంటాం గానీ, ఆ ఊరు ఉన్నచోటే ఉండి ఇన్నిసార్లు బదిలీ అయ్యింది.

మేము అంటే ఇద్దరం. అక్క పన్నెండో తరగతి, తమ్ముడు పదో తరగతి. ఈ వ్యాసం ఇద్దరం కలిసి రాస్తున్నాం కాబట్టి ఇందులో 'నేను' రాకూడదు. ఎక్కడైనా కనిపిస్తే అది రెండోవాళ్ళు నిద్రపోయాక రాసిందని అర్థం.

మా నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం. 2019 జూన్ నుంచి 2022 మే వరకు మేము భోపాల్‌పట్నంలో ఉన్నాం. అక్కడ బోర్డులన్నీ హిందీలో ఉంటాయి, బడిలో పాఠం హిందీలో జరుగుతుంది, బజారులో మాత్రం తెలుగు వినబడుతుంది. గోండీ, దోర్లీ, హల్బీ కూడా వినబడతాయి. మొదటి రోజు కూరగాయలు కొనడానికి వెళ్ళిన అమ్మ, తనకు వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని టమాటా ధర అడిగితే, అమ్మే అవ్వ "ఇరవైకి కిలో బిడ్డా" అందట. అమ్మ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

మేము వెళ్ళిన తొమ్మిది నెలలకే కరోనా వచ్చి బడులు మూతబడ్డాయి. తర్వాత కొన్నాళ్ళు మొహల్లా క్లాసులు జరిగాయి, అరుగు మీద, చెట్టు కింద. మిగిలిన పొద్దంతా మేము పక్కింట్లోనే ఉండేవాళ్ళం. ఆ ఇంటి అమ్మాయి అక్కకు క్లాస్‌మేట్. పేరు రాయొద్దంది కాబట్టి ఇక్కడ 'మా నేస్తం' అనే రాస్తాం. ఇప్పపువ్వు ఏరడానికి వెళ్ళినా, తునికాకు కట్టలు లెక్కబెట్టినా, ఊరికే గోడమీద కూర్చున్నా ముగ్గురమే. ఇంతలో ఆర్డరు వచ్చింది. మీకు చెప్పనక్కర్లేదు, ఆర్డరు వచ్చిన రోజు ఇంట్లో ఎలా ఉంటుందో.

వరంగల్ వచ్చాక తెలిసిన సంగతి ఏమిటంటే, హైదరాబాదు నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి చివరికి ఆగేది భోపాల్‌పట్నంలోనే. మా స్కూలు బస్సు ఆ రోడ్డు మీద కాసేపు నడిచి పక్కకు తిరుగుతుంది. తిరగకుండా అలాగే పోతే ఏమవుతుందన్న ఆలోచనతోనే మా నవల మొదలైంది.

రాయడం గురించి ఎక్కువ చెప్పం. అది చాలా సులువుగా జరిగింది. ఒక అధ్యాయం అక్క, ఒక అధ్యాయం తమ్ముడు. తెలుగు అక్షరాలు మాకు బడిలో రాలేదు, అమ్మమ్మ సెలవుల్లో పలక మీద దిద్దించింది, కాబట్టి ఒత్తుల్లో తప్పులుండేవి. అయినా ఆగలేదు. పద్నాలుగు నెలల్లో 5 లాంగ్ నోటుబుక్కులు, 38 అధ్యాయాలు, 412 పేజీలు. చివరి పేజీలో 'సమాప్తం' అని రాసి, కింద రెండు గీతలు గీసి, ఇద్దరం ఒకే పెన్నుతో సంతకం చేశాం. 2023 ఆగస్టు అది. నవల అయిపోయిందనుకున్నాం.

నోటుబుక్కులు మా లైబ్రరీ మేడం చదివారు. నెల పట్టింది. తిరిగి ఇస్తూ ఆవిడ బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. "ఇది దేని గురించో ఒక్క వాక్యంలో చెప్పండి" అన్నారు. అక్క చెప్పింది: "ఒక అమ్మాయి ఒక ఊరు వదిలి వెళ్ళడం గురించి." తమ్ముడు అదే సమయంలో చెప్పాడు: "ఒక అమ్మాయి ఊళ్ళో మిగిలిపోవడం గురించి." మేడం నవ్వి, "అయితే ఇందులో రెండు నవలలున్నాయి. సగం తీసేయండి. ఏ సగమో మీరే తేల్చుకోండి" అన్నారు.

ఇంటికి వెళ్ళేదాకా మాట్లాడుకోలేదు. ఇంటికి వెళ్ళాక మాట్లాడుకున్నదంతా ఇక్కడ రాయడం కుదరదు.

మేడం మమ్మల్ని ఓదార్చడానికి కాబోలు, మర్నాడు ఆర్.కె. నారాయణ్ గారి సంగతి చెప్పారు. ఆయన మొదటి నవలను ఇంగ్లండులో ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపేశారట. విసిగిపోయి, ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న తన స్నేహితుడికి, ఆ కాగితాలకు రాయి కట్టి థేమ్స్ నదిలో ముంచేయమని రాశారట. స్నేహితుడు ముంచలేదు, గ్రాహం గ్రీన్‌కు చూపించాడు. గ్రీన్ దాన్ని అచ్చువేయించాడు, కానీ ఉన్నదున్నట్టు కాదు. 'స్వామి, ది టేట్' అనే పేరు తీసేసి 'స్వామి అండ్ ఫ్రెండ్స్' చేశాడు. చివరికి నారాయణస్వామి అనే రచయిత పేరునూ కత్తిరించి నారాయణ్ చేశాడు. 1935లో పుస్తకం వచ్చింది. పేరులోనే కత్తిరింపు పడ్డాక పేజీల సంగతి చెప్పేదేముంది అనిపించింది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవలకు కూడా మొదట పెట్టుకున్న పేరు 'ఏకాంతం' అని అప్పుడే తెలిసింది. ఆ మారిన పేరు మాకు కొంచెం భయంగా కూడా వినిపించింది. మా దాంట్లో చివరకు ఏం మిగులుతుంది?

తమ్ముడు ఊరుకోక ఎదురు ఉదాహరణ వెతికి తెచ్చాడు. విశ్వనాథ సత్యనారాయణ గారు 1934లో 'వేయిపడగలు' 29 రోజుల్లో చెబుతూ పోతే ఆయన తమ్ముడు రాశాడు, దాదాపు వెయ్యి పేజీలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో బహుమతి కూడా వచ్చింది, మరి ఆయన్ను సగం తీసేయమని ఎవరన్నారు అని వాడి వాదన. అక్క ఒక్కటే అంది: "ముందు నువ్వు 29 రోజులు కదలకుండా కూర్చో."

ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలియలేదు. తెలిసిన పని ఒకటుంది, సామాను సర్దడం. మా అమ్మకు ఒక నియమం ఉంది. మీ ఇళ్ళలోనూ ఇలాంటిదేదో ఉండే ఉంటుంది. కిందటి బదిలీకి కట్టిన అట్టపెట్టె ఈ బదిలీ వచ్చేదాకా విప్పలేదంటే, అది ఈ లారీ ఎక్కదు. అందులో ఏముందో చూడటం కూడా ఉండదు, చూస్తే మనసు మారుతుందని. ఆ నియమాన్నే నవలకు పెట్టి చూశాం. ప్రతి అధ్యాయం పక్కనా ఒక కాగితం పెట్టుకుని, ఇందులో చెప్పింది తర్వాత ఎక్కడైనా మళ్ళీ విప్పామా అని రాసుకున్నాం. మొదటి మూడు అధ్యాయాలు లారీ ప్రయాణమే. కెయిన్ కుర్చీ ఎలా విరిగింది, డ్రైవరు ఎక్కడ టీ తాగాడు, తులసికుండీని అమ్మ ఒళ్ళో ఎలా పెట్టుకుంది. కుర్చీ మళ్ళీ రాలేదు. డ్రైవరు మళ్ళీ రాలేదు. తులసికుండీ 19వ అధ్యాయంలో ఒకసారి వచ్చింది. దాన్ని ఉంచి 34 పేజీలు తీసేశాం.

రాజుల కాలం అధ్యాయం ఒకటి ఉండేది. 1795లో కెప్టెన్ బ్లంట్ అనే ఇంగ్లీషు అధికారి బస్తర్‌లోకి రాబోతే భోపాల్‌పట్నం దగ్గర అక్కడివాళ్ళు అడ్డుకుని వెనక్కి పంపేశారు. చాలా మంచి చరిత్ర అది. తమ్ముడు దానికోసం చాలా చదివాడు, గుర్రాలూ విల్లంబులూ బొమ్మలు కూడా వేశాడు. కానీ మా కథలో అమ్మాయికి కెప్టెన్ బ్లంట్‌తో పని లేదు. ఆ అధ్యాయం చింపకుండా పిన్ను తీసి విడిగా పెట్టాం. వాడు రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. మూడో రోజు అక్క రాసిన వెన్నెల వర్ణన మీద అడ్డంగా ఎర్రగీత ఉంది, కారణం పక్కనే రాసి ఉంది: 'విప్పని పెట్టె.' అది న్యాయమే. ఆ వర్ణనలో వెన్నెల ఆరుసార్లు పాలలా కురిసింది.

ఇలా 412 పేజీలు 331 అయ్యాయి. ఇంతవరకు కష్టం లేదు. ఇంతవరకు మేము కోసింది మా సామాను మాత్రమే.

ఆ తర్వాత మా నేస్తానికి చదివి వినిపించాలని అనుకున్నాం. నవల ఆమె ఊరిది, చాలాచోట్ల ఆమెదే. కానీ ఆమెకు తెలుగు చదవడం రాదు. మాట్లాడేది తెలుగే, అమ్మతో పోట్లాడేది తెలుగులోనే, కానీ ఒకటో తరగతి నుంచి నేర్చిన అక్షరాలు హిందీవి. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌లో చదివేవాళ్ళం. ఇంట్లో సిగ్నల్ అందదని ఆమె ఇంటి వెనక దిబ్బ ఎక్కి కూర్చునేది. మేము చదువుతుంటే అవతలి నుంచి మేకల అరుపులు, ఎవరో ఆమెను పిలవడం వినిపించేవి.

ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాక మాకొకటి అర్థమైంది. ఆమెకు విసుగొస్తే "ఊ" అనడం ఆపేస్తుంది. మొదట్లో లైన్ కట్టయిందేమో అనుకుని "హలో, హలో" అనేవాళ్ళం. "ఉన్న, చదువు" అనేది. ఆ "ఊ" ఆగిన చోట పెన్సిల్‌తో చుక్క పెట్టడం మొదలుపెట్టాం. సాయంత్రం చూస్తే చుక్కలన్నీ ఒకే రకం జాగాల్లో ఉండేవి. అమ్మాయి కిటికీలోంచి చూస్తూ ఆలోచించే చోట్లు. మా నవలలో అందరూ చాలా ఎక్కువగా ఆలోచించేవాళ్ళు. ముసలవ్వ కూడా కట్టెలు ఏరుతూ జీవితం గురించి ఒక పేజీ ఆలోచించేది.

వరద అధ్యాయం దగ్గర ఆమె మాట్లాడింది. 2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. మేము మే నెలలోనే వచ్చేశాం కాబట్టి చూడలేదు. టీవీలో చూసి 9 పేజీలు రాశాం. ఇంద్రావతి గర్జిస్తూ, చెట్లను పెకలిస్తూ, కొండచిలువలా ఊరిమీదికి దూకుతుంది. చదవడం అయ్యాక అటునుంచి కాసేపు మాట లేదు.

"గట్ల రాదు" అంది. "మీరు సూడలే గదా."

"మరెలా వస్తుంది?"

"సప్పుడు చెయ్యదు. ఆడ గోదారి నిండినంక ఇంద్రావతికి పోనీకి జాగ ఉండదు. నీళ్ళు ఎనక్కి ఎగదంతయి. పొద్దుగాల లేసి సూస్తే చేనుల ఉంటయి, ఊకే నిలబడి. గదే భయం."

కలిసే నది నిండుగా ఉంటే ఉపనది నీళ్ళు దారి లేక వెనక్కి ఎగదన్నడం జాగ్రఫీ పుస్తకంలో ఉంటుంది. రాసేటప్పుడు మాకు గుర్తు రాలేదు, సినిమా గుర్తొచ్చింది. 9 పేజీలు తీసేసి ఆమె చెప్పిందే దాదాపు ఆమె మాటల్లోనే రాశాం. ఒక పేరా అయ్యింది. ఇద్దరిలో ఎవరికీ బాధ కలగలేదు. కొత్త పేరా అంత బాగుంది మరి.

బాధ కలిగించింది మిరప అధ్యాయం.

ఇది రాసే ముందు ఆమెను అడిగాం. పేరు లేకుండా రాసుకోమంది. ప్రతి సంవత్సరం ఫిబ్రవరి వచ్చేసరికి మా క్లాసులో కొన్ని జాగాలు ఖాళీ అయ్యేవి. బీజాపూర్ వైపు నుంచి చాలా కుటుంబాలు మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు వెళ్తాయి. వాజేడు, పేరూరు, ఏటూరునాగారం చుట్టుపక్కల చేలల్లో రెండు మూడు నెలలుండి ఎండలు ముదిరాక తిరిగి వస్తాయి. ఒక సంవత్సరం మా నేస్తం కూడా వెళ్ళింది. బడిలో మాత్రం అవ్వకు జ్వరమని చెప్పి వెళ్ళింది. నిజం తెలిసింది మాకే.

మేము దాన్ని 11 పేజీల అధ్యాయం చేశాం. చెప్పకూడదు గానీ, మొత్తం నవలలో మాకు బాగా ఇష్టమైనది అదే. కెంపుల్లాంటి మిరపపండ్లు, నెత్తురు రంగు సాయంత్రాలు, గోదావరి ఇవతలి ఒడ్డున నిలబడి అవతలి తన బడిని తలచుకుని కన్నీళ్ళు పెట్టుకునే అమ్మాయి. లైబ్రరీ మేడం కూడా ఈ అధ్యాయం పక్కన 'చాలా బాగుంది' అని రాశారు. ఆ రోజు అక్క చదివింది, గొంతు వణికించి మరీ చదివింది. "ఊ" మొదటి పేజీలోనే ఆగిపోయింది. చుక్క పెట్టడానికి కూడా మాకు తోచలేదు.

అయిపోయాక చాలాసేపటికి ఆమె అంది: "మిరప చేనుల గంత ఆలోచన రాదు. చేతులు మండుతయి. గంతే."

మళ్ళీ కాసేపాగి, "బడి యాదికి రాలే. నిద్ర యాదికొచ్చేది" అంది. తర్వాత ఎవరో పిలుస్తున్నారని ఫోన్ పెట్టేసింది.

తర్వాతి ఆదివారం ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆ పై ఆదివారం కూడా. ఆ రెండు వారాలు మేము పోట్లాడుకోలేదు, అదే మాకు వింతగా అనిపించింది. నోటుబుక్కు తెరిచి ఆ అధ్యాయం మళ్ళీ మళ్ళీ చదివాం. వాక్యాలు ఇంకా బాగానే ఉన్నాయి. కానీ అందులో ఎర్రగా ఉన్నవన్నీ రోడ్డు మీద కారులో పోతూ చూసినవి. ఆరబోసిన మిరపకాయలు కారు కిటికీలోంచి చాలా అందంగా ఉంటాయి. మా ముగ్గురిలో దాన్ని చేతులతో పట్టుకున్నది ఒక్కరే, ఆ ఒక్కరి పేరుమీద మేము ఏడ్చాం.

మూడో వారం ఆమే ఫోన్ చేసింది. కోపం లేదంది. ఆ అధ్యాయం మొత్తం తీసేస్తామని చెప్పాం. "ఎందుకు తీస్తరు? నేను పోలేదా?" అంది. "ఉంచుండ్రి. గని చేతులు మండినయని రాయుండ్రి."

11 పేజీలు పేజీన్నర అయ్యాయి. ఆ పేజీన్నర రాయడానికి మాకు నవంబరు నెలంతా పట్టింది. కెంపులు పోయాయి. నెత్తురు రంగు సాయంత్రాలు పోయాయి. అప్పుడే తమ్ముడు మేడం దగ్గర చెప్పిన వాక్యం అక్క ఒప్పుకుంది. నవల వెళ్ళిపోయిన అమ్మాయిది కాదు. వెళ్ళడం ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు కాబట్టి దాని గురించే 200 పేజీలు రాసుకున్నాం. లారీ కదిలాక గేటు దగ్గర నిలబడిన మనిషి లోపలికి వెళ్ళి ఆ పూట ఏం చేసిందో మాకెవరికీ తెలియదు. అడగాలని కూడా మాకు తోచలేదు. అడిగితే, "ఏం జేస్త, మీ ఇంట్ల ఊడ్చిన, కొత్తోళ్ళు వస్తరని మీ అమ్మ చెప్పె గదా" అంది. అది ఇప్పుడు మా నవలకు మొదటి వాక్యం. డిసెంబరు చివరికి 238 పేజీలు.

ఇక ఆమె స్వయంగా చదువుకోవాలంటే? పి.వి. నరసింహారావు గారు 'వేయిపడగలు'ను హిందీలోకి 'సహస్రఫణ్' పేరుతో అనువదించారని మేడం చెప్పారు. ఆయన పుట్టిన లక్నేపల్లి ఈ వరంగల్ ప్రాంతంలోదే. కానీ మా నేస్తానికి అనువాదం అక్కర్లేదు. భాష ఉంది, అక్షరాలే లేవు. సంక్రాంతి సెలవుల్లో నవలను దేవనాగరి లిపిలోకి ఎత్తి రాయడం మొదలుపెట్టాం. తెలుగు మాటలు, హిందీ అక్షరాలు.

ఎవరైనా ఇలా చేయాలనుకుంటే ముందే చెబుతున్నాం, హిందీలో రాసుకునే అక్షరాల్లో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. మెడ అని రాస్తే మేడ అవుతుంది. ఫోన్‌లో పరీక్షగా ఒక ఫొటో పంపితే, "అవ్వ మేడ మీద చెయ్యేసుకుని పడుకుంది" అని చదివి, "మా అవ్వకు మేడ ఎప్పుడు గట్టిన్రు?" అని ఆమె పడీపడీ నవ్వింది. పడవను పడవ్ అనీ, నావను నావ్ అనీ చదివింది, హిందీలో చివరి అకారం మింగేస్తారు కదా. అన్నిటికంటే కష్టం ళ. హిందీ అక్షరాల్లో అది లేదు. ల రాశాం. దాంతో నవలలో అందరూ బాధ కలిగినప్పుడల్లా కల్లు తుడుచుకున్నారు. చివరికి ఉపాయం ఆమే చెప్పింది. ఇంద్రావతికి అవతలి ఒడ్డు మహారాష్ట్ర. అక్కడ సిరోంచ వైపు ఆమె చిన్నమ్మ కూతురు మరాఠీ బడిలో చదువుతుంది. మరాఠీ అక్షరాల్లో ళ ఉంది. ఆ అక్షరం ఫొటో తీసి పంపింది. అలా మా కథలోవాళ్ళు కళ్ళు తుడుచుకోవడానికి నది దాటాల్సి వచ్చింది.

ఎత్తి రాస్తుంటే ఇంకో సంగతి జరిగింది. ఒక్కో మాటకూ ఆగి అక్షరాలు వెతుక్కోవాలి కాబట్టి, అక్కర్లేని మాట రాయడానికి చెయ్యి ఒప్పుకోదు. 'ఎంతో', 'చాలా', 'ఒక్కసారిగా', 'తెలియని ఏదో' అనేవి ఎవరూ ఎర్రగీత పెట్టకుండానే రాలిపోయాయి. రాసీ రాసీ వేళ్ళు నొప్పెట్టి తమ్ముడు ఒక రోజు ఒక పేరా మొత్తం వదిలేశాడు. అక్క సరిచూసేటప్పుడు కనిపెట్టలేకపోయింది. కనిపెట్టలేదు కాబట్టి అది అక్కర్లేదని వాడన్నాడు. ఆ వాదనకు ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు. 196 పేజీల దగ్గర ఆగింది. అధ్యాయాలు 21.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. రెండేళ్ళకోసారి వచ్చే ఆ జాతరకు ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా జనం వస్తారని మీకు తెలుసు. వాళ్ళ కుటుంబమూ వస్తుందని తెలిసి నాన్నగారిని బతిమాలాం. 23వ తేదీ శుక్రవారం వెళ్ళాం. ఆ జనంలో ఫోన్లు కలవవు. జంపన్నవాగు దగ్గర స్నానఘట్టాల పక్కన కలుద్దామని ముందే అనుకున్నాం గానీ, అక్కడికి చేరాక అలాంటి మాట అనుకోవడం ఎంత తెలివితక్కువో అర్థమైంది. రెండు గంటలు తిరిగాం. చివరికి ఆమే మమ్మల్ని చూసి తమ్ముణ్ణి వెనక నుంచి గుంజింది. "ఇంత పొడుగైనవేంది తమ్మీ" అంది.

వాళ్ళు భోపాల్‌పట్నం నుంచి రాలేదు. ఏటూరునాగారం దగ్గర చేలో నుంచి నేరుగా వచ్చారు. "పది దినాలే. పరీక్షల ముందల పోత" అంది, మేము అడగకుండానే. వాళ్ళ అమ్మ అమ్మవార్లకు బంగారం మోసుకుని క్యూలో నిలబడింది. బంగారమంటే బెల్లం, అక్కడ అలాగే అంటారు. మా చేతిలో మూడు నోటుబుక్కులున్నాయి, అట్టలు వేసి, పేరు రాసి.

తీసుకోవడానికి చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది. వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి. "కండ్లకు అంటుతది. మీరే తిప్పుండ్రి" అంది. వాగు ఒడ్డున కూర్చుని మేము పేజీలు తిప్పుతుంటే ఆమె వేలు గాలిలో కదుపుతూ చదివింది. మొదటి వాక్యం చదివి మమ్మల్ని చూసింది, ఏమీ అనలేదు. తర్వాత మిరపది ఎక్కడుందో చూపించమంది. రెండో నోటుబుక్కులో ఉంది. పైకి చదివింది, నెమ్మదిగా, కూడబలుక్కుంటూ. మెడను మెడ అనే చదివింది. చివరి రెండు వాక్యాల దగ్గర ఆగింది. అవి ఇవి: 'రాత్రి చేతులు మండాయి. అయినా ఆమె నవ్వింది.'

"పెన్నుందా?" అని అడిగింది.

తమ్ముడు జేబులోంచి తీసి ఇచ్చాడు. వేళ్ళు తగలకుండా కొంగు చుట్టి పట్టుకుని, రెండో వాక్యం మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గీత గీసింది.

"నవ్వలే" అంది. పెన్ను తిరిగి ఇచ్చి, వాళ్ళ అమ్మ క్యూలో ఎంతదాకా వచ్చిందో చూడటానికి లేచింది.